విద్యుత్ ఎస్‌యూవీ పైకప్పు అద్దం మార్పించాను: మూడు నెలల తరువాత రివ్యూ

నమస్కారం. మీరు చూస్తున్న ఈ విద్యుత్ ఎస్‌యూవీ నాది. గత ఆగస్టులో ఒక రాత్రి భీమిలిలోని మా బావగారి ఇంటి ఆవరణలో కొబ్బరి చెట్టు కింద దీన్ని నిలిపి ఉంచగా, తెల్లవారుజామున ముదురు కాయ ఒకటి రాలి పైకప్పు అద్దపు ముందు పలక నడుమ పడింది. టపాకాయ పేలినంత చప్పుడు విని బయటికి వచ్చి చూస్తే, అద్దం కింద ఎండ ఆపే లోపలి తెర మీద పటికబెల్లం పలుకులు పోసినట్లు గాజు పెంకులు పరుచుకుని ఉన్నాయి. కొత్త పలకను సెప్టెంబరులో బిగించారు, ఇప్పుడు డిసెంబరు. బిగించిన రోజునే ఈ వీడియో చేయకుండా ఇంతకాలం ఆగడానికి కారణం ఉంది. పైకప్పు అద్దం పని కుదిరిందో లేదో బండి చేతికి ఇచ్చిన రోజున తెలియదు, నాలుగు వానలు కురిసిన తరువాత తెలుస్తుంది. మన విశాఖలో అక్టోబరు, నవంబరు వానలు కూడా గడిచాయి కనుక ఇప్పుడు నేను నమ్మకంగా మాట్లాడగలను.

ముందుగా అద్దం సంగతి చెబుతాను. హ్యుందాయ్ అయానిక్ 5, మహీంద్రా బీఈ 6 వంటి కార్లలో పైకప్పు అద్దం తెరుచుకోదు. ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ, బీవైడీ అట్టో 3 వంటి వాటిలో ముందు పలక వెనక్కి జరుగుతుంది, వెనుక పలక కదలదు. నా బండి రెండవ తరహాది. ఈ తేడాతో పాటు అద్దం తయారీలో ఉన్న తేడాను కూడా తెలుసుకోవాలి. టెంపర్డ్ అద్దాన్ని బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లబరచి గట్టిపరుస్తారు; అది దెబ్బను చాలావరకు ఓర్చుకుంటుంది గానీ, పగిలితే మొత్తం చిన్న చిన్న పెంకులైపోతుంది. లామినేటెడ్ అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక పగిలినా బీటలు వారి అక్కడే నిలుస్తుంది. లామినేటెడ్ అద్దం పై పొరలో చిన్న గాటు పడితే రెసిన్ అనే పారదర్శక జిగురు నింపి కాపాడుకోవచ్చు. టెంపర్డ్ అద్దానికి అతుకు లేదు, మార్చుకోవలసిందే. మీ పైకప్పు ఏ రకమో తెలియాలంటే పలక మూలన ఉన్న ముద్రను చూడండి. చాలా అద్దాలపై టెంపర్డ్, లామినేటెడ్ అన్న మాట ఉంటుంది. వాహనాల భద్రతా గాజుకు మన దేశంలో వర్తించే ప్రమాణం ఐఎస్ 2553 రెండవ భాగం.

ఆ ఉదయం మేము చేసిన పనుల్లో ఒకటి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిందని నేను అనుకుంటున్నాను. లోపలికి ఎంత పడిందో చూద్దామని బావగారు స్విచ్ నొక్కి తెర తీయబోతుంటే వద్దని ఆపాను. తెర వెనక్కి చుట్టుకుంటే దాని మీద ఉన్న పెంకులన్నీ రోలర్ లోనికి, పక్కనున్న పట్టాలలోనికి జారుతాయి; అక్కడ చేరిన పెంకులు మోటారు లాగే తీగకు అడ్డుపడతాయి, ప్లాస్టిక్ జారుడు ముక్కలను అరగదీస్తాయి. చేతులకు తొడుగులు వేసుకుని పెద్ద పెంకులను ఏరి, మిగిలినవి వాక్యూమ్‌తో పీల్చి, తెరను అలాగే మూసి ఉంచి పైన దళసరి ప్లాస్టిక్ పట్టా పరిచాము. టేపును రంగు మీదనే అంటించాము, రబ్బరు బీడింగ్ మీద అంటించలేదు. బండిని నడుపుకుంటూ నగరానికి వద్దామని అనిపించింది గానీ, వేగంగా పోతున్నప్పుడు పైకప్పు మీద గాలి ఒత్తిడి తగ్గి, అంచున వేలాడుతున్న పెంకులను పైకి లాగుతుంది. వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారు ముఖం మీద అవి పడే ప్రమాదం ఉంది. అందుకని టోయింగ్ బండిని పిలిపించి, చక్రాలు నేలను తాకకుండా మొత్తం పైకెక్కించి తీసుకువచ్చాము. విద్యుత్ కార్లను సాధారణంగా ఇలాగే తరలించాలి, ఎందుకంటే చక్రాలు తిరిగితే వాటికి కలిసి ఉన్న మోటారు కూడా తిరిగి విద్యుత్తును పుట్టిస్తుంది.

బీమా విషయం త్వరగా చెప్పి ముందుకు వెళతాను. మన వాహన బీమాలో గాజు భాగాలకు తరుగుదల కోత, అంటే పాతబడినందుకు పరిహారంలో తగ్గింపు లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత ఉంటుంది. అందువల్ల ఎస్టిమేట్ వచ్చినప్పుడు పలకను గాజు కింద రాశారా, ప్లాస్టిక్ కింద రాశారా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే కదిలే పలక చుట్టూ ప్లాస్టిక్ చట్రం ఉంటుంది. నా కాగితంలో మొదట ప్లాస్టిక్ కిందనే రాశారు, అడిగాక సరిచేశారు. తరుగుదల కోత లేని జీరో డెప్ పాలసీ ఉన్నవారికి ఈ చిక్కు లేదు. క్లెయిం చేస్తే నో క్లెయిం బోనస్, అంటే క్లెయిం చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు పోతుందేమో కూడా ముందే లెక్క చూసుకోవాలి. అయిదేళ్లు క్లెయిం లేనివారికి అది ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 50 శాతం దాకా ఉంటుంది.

గాజు ఎంపికలో నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, తయారీ కంపెనీ పలక కోసం వేచి ఉండడం. రెండవది, గాజువాక ఆటోనగర్ వైపు బయటి పలకను వెతికి వేయించుకోవడం. ముందు అద్దమైతే నేను బయటి పలకకు వెనుకాడేవాడిని కాను, ఎందుకంటే పేరున్న గాజు కంపెనీలు వాటిని విడిగా కూడా అమ్ముతాయి. కదిలే పైకప్పు పలక విషయం వేరు. దాని కింద బ్రాకెట్లు, చుట్టూ చట్రం, బీడింగ్ కలిసి ఒకే భాగంగా వస్తాయి. కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా బీడింగ్ ఒకచోట నలుగుతుంది, మరొకచోట వదులవుతుంది. పైగా అసలు పలకలో ఎండ వేడిని తగ్గించే రంగు ఉంటుంది. మే నెలలో బీచ్ రోడ్డు మీద మధ్యాహ్నం బండి నిలిపినవారికి ఆ రంగు విలువ చెప్పనక్కరలేదు. విద్యుత్ కారులో ఏసీ ఎక్కువ పని చేస్తే ఆ భారం నేరుగా ప్రయాణ దూరం మీద పడుతుంది. ఈ కారణాలతో నేను పంతొమ్మిది రోజులు వేచి ఉండి అసలు పలకనే వేయించుకున్నాను. ఆ పంతొమ్మిది రోజులు మనసు స్థిమితంగా లేదన్నది నిజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద విరుచుకుపడిన రోజు చూసినవారెవరూ, పైకప్పు స్థానంలో ప్లాస్టిక్ పట్టాతో సెప్టెంబరు దాటనివ్వాలని కోరుకోరు.

ఇక పని గురించి. పలకను ఎక్కించడం నిజానికి చిన్న పనే. రెండు వైపులా ఉన్న స్క్రూలను విప్పి, పాత చట్రాన్ని పైకి తీసి, కొత్త దాన్ని కూర్చోబెట్టి బిగిస్తారు. ఇందుకు రూఫ్ లైనింగ్, అంటే పైకప్పు లోపలి పొరను దించవలసిన అవసరం లేదు, బండి అడుగున ఉన్న పెద్ద బ్యాటరీ జోలికి వెళ్లే అవసరమూ లేదు. ఎందుకంటే పలకను కదిపే సన్‌రూఫ్ మోటారు మామూలు 12 వోల్టుల విద్యుత్తుతోనే నడుస్తుంది. నా బండి మీద పని చేసిన పెద్దాయన తన అనుభవాన్ని ఒక్క మాటలో చెప్పారు: “అద్దం ఎక్కించడం రెండు గంటల పని బాబూ, పెంకులు ఏరడమే రోజు పని.” సముద్రపు ఉప్పు గాలి వల్ల నా బండి స్క్రూల తలలు అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయి, పలక జారే అల్యూమినియం పట్టా అంచున తెల్లని పొడి పేరుకుంది. ఆయన పాత స్క్రూలను మళ్లీ వాడకుండా కొత్తవి వేశారు. తీరానికి దగ్గరగా, ముఖ్యంగా లాసన్స్ బే, రుషికొండ వైపు నివసించేవారు ఈ చిన్న ఖర్చుకు వెనుకాడవద్దని నా మనవి.

మీ పైకప్పు కదలని రకమైతే పని తీరు మారుతుంది. పాత జిగురును తీగతో కోసి పలకను విడదీసి, జిగురు బాగా పట్టేందుకు ప్రైమర్ పూసి, కొత్త పాలియురెథేన్ జిగురు వేసి అంటిస్తారు. ఆ జిగురు గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది, ఆ తేమకు మన విశాఖలో కొదవ లేదు. అది ఆరేవరకు ఒక కిటికీని వేలెడంత తెరిచి ఉంచండి. అన్నీ మూసి తలుపును గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి పచ్చి జిగురును కదిలిస్తుంది.

వర్క్‌షాపు మొదటిసారి బండిని తిరిగి ఇచ్చినప్పుడు రెండు లోపాలు ఉన్నాయి. హనుమంతవాక దాటి జాతీయ రహదారి మీద ఆనందపురం వైపు వెళుతుండగా, గంటకు 80 కిలోమీటర్ల దగ్గర తల పైన సన్నని ఈల వినిపించడం మొదలైంది. డీజిల్ బండిలో ఇంజిన్ చప్పుడు దాన్ని కప్పేసేది. విద్యుత్ బండిలో నిశ్శబ్దం వల్ల అది సూదిలా చెవిలో గుచ్చుకుంటుంది. కారణం తేలికగానే దొరికింది. పలక ముందు అంచు పైకప్పు లోహం కన్నా కొద్దిగా పైకి నిలిచి గాలికి అడ్డుపడుతోంది. ముందు అంచు లోహంతో సమానంగా గానీ వెంట్రుకవాసి కిందకు గానీ ఉండాలి, వెనుక అంచు సమానంగా గానీ రవ్వంత పైకి గానీ ఉండాలి. వేలి కొనను లోహం మీది నుంచి అద్దం మీదకు మెల్లగా జరిపితే ఈ తేడా తెలుస్తుంది. బండి తీసుకునేటప్పుడే నాలుగు మూలలా ఇలా తడిమి చూడండి. స్క్రూలు వదులు చేసి, పలకను దించి, మళ్లీ బిగించాక ఈల పోయింది. ఆ తరువాత పలక పూర్తిగా తెరుచుకుని మూసుకునేలా స్విచ్‌ను నొక్కి పట్టి మోటారుకు కొత్త హద్దులను నేర్పించాలి. అది చేయకపోతే అడ్డు తగిలినప్పుడు వెనక్కి తగ్గే రక్షణ సరిగా పని చేయదు. ఆ రక్షణను పరీక్షించడానికి చుట్టిన వార్తాపత్రికను వాడండి, చెయ్యి పెట్టవద్దు. మా ఇంట్లో పిల్లలు ఆ అంచున చేతులు పెట్టి నిలబడడం నేను చూశాను కనుక దీన్ని నొక్కి చెబుతున్నాను.

రెండవ లోపం ఇంకా పెద్దది, అది మొదటి వానకు గానీ బయటపడలేదు. బీడింగ్ నీటిని పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాడిని. నిజానికి ఈ అమరికను కొంత నీరు లోనికి వస్తుందనే ఉద్దేశంతోనే రూపొందిస్తారు. ఆ నీరు పలక కింద ఉన్న కాలువలో చేరి, నాలుగు మూలలలోని సన్నని గొట్టాల గుండా పైకప్పును మోసే స్తంభాల లోపలి నుంచి కిందకు దిగి బండి బయట పడుతుంది. ఎడమ ముందు మూలన ఉన్న గొట్టంలో గాజు పెంకులు, ఇసుక కలిసి అడ్డుపడ్డాయి. సెప్టెంబరు చివరి వానకు ఆ నీరు లైనింగ్ వెనుక నుంచి కారి ముందు సీటు కింది కార్పెట్ లోనికి చేరింది. పైకి చుక్క తడి లేదు. కార్పెట్ ఎత్తి కింది స్పాంజిని పిండితే గ్లాసెడు నీరు వచ్చింది. విద్యుత్ కారులో ఇది మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. పెద్ద బ్యాటరీ పెట్టె నీరు చొరకుండా మూసి ఉంటుంది కనుక దానికి భయం లేదు గానీ, కార్పెట్ కింద పరిచిన తీగల కలయికలు, కొన్ని బండ్లలో సీట్ల కింద ఉండే కంట్రోల్ యూనిట్లు తడికి పాడవుతాయి. అవి నడిచే 12 వోల్టుల వ్యవస్థ చెడితే పెద్ద బ్యాటరీలో ఎంత చార్జి ఉన్నా బండి కదలదు.

గొట్టాన్ని శుభ్రం చేయడానికి కంప్రెసర్ గాలి పెడతామని కుర్రవాడు ఒకడు వచ్చాడు, పెద్దాయన ఒప్పుకోలేదు. గాలి జోరుకు గొట్టం లోపలి నుంచి ఊడితే, దాన్ని తిరిగి తగిలించడానికి లైనింగ్ దించాలి. గడ్డి కోసే యంత్రపు నైలాన్ తీగను మెల్లగా దించి, పెంకులను వదులు చేసి, వాక్యూమ్‌తో పై నుంచి పీల్చారు. పరీక్ష ఎలా చేయాలో ఇప్పుడు మీ ముందే చూపిస్తాను: పలక తెరిచి, మూలన ఉన్న కాలువలో అర గ్లాసు నీరు మెల్లగా పోస్తున్నాను. చూడండి, ముందు చక్రం వెనుక నేల మీద ధార పడుతోంది. ఇలా నాలుగు మూలలా చూడకుండా బండిని తీసుకోవద్దు. నేను మొదటిసారి చూడకుండా తీసుకున్నాను, కార్పెట్ ఆరబెట్టడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తరువాత అక్టోబరు, నవంబరు వానలకు బండి మా ఎంవీపీ కాలనీ వీధిలోనే, పైన ఏ నీడా లేకుండా నిలిచింది. మొన్న రాత్రి కురిసిన వాన తరువాత కూడా నేను కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఈల మళ్లీ రాలేదు. ఎండలో లోపలి వేడి మునుపటిలాగే ఉంది. మిగిలింది ఒక్కటే. సింహాచలం ఘాట్ రోడ్డు మలుపుల్లో, వేగ నిరోధకాల మీద, వెనుక కదలని పలక వైపు నుంచి చిన్న గలగల వినిపిస్తోంది. తెర చుట్టుకునే రోలర్ దగ్గర ఒకటి రెండు పెంకులు చిక్కుకుని ఉన్నాయని పెద్దాయన అభిప్రాయం. వాటి కోసం వచ్చే సోమవారం రూఫ్ లైనింగ్ దించబోతున్నారు. పక్కల ఎయిర్‌బ్యాగులు ఆ అంచుల వెంబడే ఉంటాయి కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ తీగను ముందుగా విప్పి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే లైనింగ్ మీద చెయ్యి వేయాలని నేను ముందే మాట తీసుకున్నాను. ఇప్పుడు బండిని వీధి చివరి వేగ నిరోధకం మీదికి నడుపుతాను. చెవి పెట్టి వింటే ఆ గలగల మీకూ వినబడుతుంది.