ఎడమ నుంచి మూడో మనిషి

వేదిక మీదున్న పెద్దలకు, ఈ హాలు కోసం మూడు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగిన విద్యార్థి సంఘం పిల్లలకు, తెల్లవారుజామునుంచి పులిహోర కలుపుతున్న తల్లులకు నమస్కారం. సంక్రాంతి జనవరిలోనే వెళ్లిపోయింది. మనకు హాలు ఫిబ్రవరిలో దొరికింది. పరాయి దేశంలో హాలు దొరికిన రోజే పండుగ. అందులో తప్పేమీ లేదు.

సంక్రాంతి గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. గొబ్బెమ్మలు, హరిదాసు, మా అమ్మమ్మ ఊళ్లో భోగిమంట. ఆ కాగితాలు జేబులోనే ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. వచ్చేటప్పుడు కింద ద్వారం దగ్గర ఒకటి చూశాను. అది చూశాక ఆ మాటలు నోటికి రావడం లేదు.

కింద మన పిల్లలు ముగ్గు వేశారు. చక్కగా వేశారు. ఆ ముగ్గుకు చోటు చాలక, అక్కడున్న ఫొటో బోర్డులను పక్కకు జరిపారు. అవి ఇక్కడ ఏటా ఫిబ్రవరిలో జరిపే నల్లజాతి చరిత్ర మాసం కోసం గ్రంథాలయం వాళ్లు పెట్టిన ప్రదర్శన. ఒక బోర్డు ముఖం గోడవైపు తిరిగి ఉంది. ఎవరూ కావాలని చేయలేదని నాకు తెలుసు. కానీ ఆ బోర్డు మీద ఏ ఫొటో ఉందో కూడా నాకు తెలుసు. అందుకే ఈ మాటలు.

ముందు ఈ మాసం ఎక్కడిదో చెప్పాలి. దీన్ని ఏ ప్రభుత్వమో దయతలచి ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. కార్టర్ వుడ్సన్ అని ఒకాయన. 1875లో వర్జీనియాలో పుట్టాడు. తల్లిదండ్రులు బానిసత్వంలో బతికి బయటపడ్డవాళ్లు. కుర్రవాడు వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో పనికి వెళ్లాడు. అక్కడ ఆలివర్ జోన్స్ అనే గని కార్మికుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో పోరాడినవాడు, అక్షరం రానివాడు. అయినా ఇంట్లో పుస్తకాలు, పత్రికలు పెట్టుకున్నాడు. సాయంత్రం పని దిగాక గని కార్మికులు ఆయన ఇంట్లో చేరేవారు, వుడ్సన్ వాళ్లకు పత్రిక చదివి వినిపించేవాడు. నాకు ఈ దృశ్యం ఎంత ఇష్టమో చెప్పలేను. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర చదువొచ్చిన పిల్లవాడి చేత పేపరు చదివించుకున్న తాతలు మీకూ గుర్తుండే ఉంటారు. ఆ వుడ్సన్ ఇరవై ఏళ్ల వయసులో హైస్కూల్లో చేరాడు, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. 1926లో ఫిబ్రవరి రెండో వారాన్ని ‘నీగ్రో చరిత్ర వారం’గా మొదలుపెట్టాడు. లింకన్ పుట్టినరోజు, బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజుగా జరుపుకునే రోజు రెండూ ఆ వారంలోనే వస్తాయి.

వారాన్ని మాసం చేసింది విద్యార్థులు. ఒహాయోలో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నల్లజాతి విద్యార్థుల సంఘం 1969 ఫిబ్రవరిలో ప్రతిపాదించింది, 1970లో జరిపి చూపించింది. దేశాధ్యక్షుడు గుర్తించింది 1976లో. అంటే ఆరేళ్ల తర్వాత. మీ వయసు పిల్లలు, మీలాగే హాళ్ల కోసం, అనుమతుల కోసం తిరిగిన పిల్లలు చేసిన పని ఇది.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి.

నేను 1988లో హైదరాబాదు నుంచి గ్రంథాలయ శాస్త్రం చదవడానికి అమెరికాలోని ఈ విశ్వవిద్యాలయానికి వచ్చాను. ఖర్చులకు గ్రంథాలయం నేలమాళిగలో పని దొరికింది. పాత కాగితాలు, ఫొటోలు పెట్టెల్లోంచి తీయడం, మళ్లీ పెట్టెల్లో సర్దడం. నాతో పనిచేసిన ఆవిడ నల్లజాతి మనిషి, అప్పటికే యాభై దాటినావిడ. మాట తక్కువ, పని ఖచ్చితం. 1989 ఫిబ్రవరి ప్రదర్శన కోసం ఇద్దరం ఫొటోలు ఏరుతున్నాం. ఒక ఫొటో వచ్చింది. 1931 నాటిది. విద్యార్థుల భోజనశాల మెట్ల మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు, తెల్లటి ఏప్రన్లతో. మధ్యలో ఫుట్‌బాల్ కోచ్. కింద కోచ్ పేరు పూర్తిగా ఉంది, ఇంటిపేరుతో సహా. తర్వాత రెండు మాటలు: ‘వంట మనుషులతో’.

ఆవిడ ఫొటో మీద వేలు పెట్టింది. ఎడమ నుంచి మూడో మనిషి. ‘మా అమ్మకు అక్క’ అంది. ఇంగ్లీషులో పిన్నికీ పెద్దమ్మకీ అత్తకీ ఒకటే మాట కదా, నాకు అర్థం కావాలని విడమరిచి చెప్పింది. అంటే పెద్దమ్మ. ఆ పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు ఈ ఆవరణలో వండింది. ఆమె వండిన అన్నం తిన్నవాళ్లు డాక్టర్లయ్యారు, జడ్జీలయ్యారు. ఆమె పిల్లలు ఇక్కడ చదవడానికి వీల్లేదు. అప్పటి నిబంధన అది.

ఆ పేరు ఫొటో కింద రాయమని ఆవిడ అడిగింది. రుజువు కావాలన్నారు. మనిషి ఎదురుగా నిలబడి మా పెద్దమ్మ అంటుంటే, కాగితం కావాలన్నారు. సరే, కాగితం కోసం వెతికాం. జీతాల రిజిస్టర్లు తీశాం. అందులో ఉంది. కానీ ఇంటిపేరు లేదు. కోచ్‌కి ఇంటిపేరుంది, ఆయన కింద పనిచేసినవాళ్లకూ ఉంది. ఈ ఐదుగురికీ పిలుపు పేరు, ఎదురుగా డాలర్లు. అది చాలదన్నారు. అదే నా కడుపుమంట, ముప్ఫై ఏళ్లు దాటినా చల్లారని మంట. కాగితం మీద పేరు రాయనిది వాళ్లే, కాగితం తెమ్మన్నదీ వాళ్లే.

పదకొండేళ్లు పట్టింది. 2000లో కొత్త అట్ట మీద పేరు అచ్చువేసి పెట్టారు. ఆవిడ అప్పటికి రిటైరైంది. నేనే కారులో తీసుకొచ్చాను. దగ్గరగా వెళ్లి చదివింది. కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు. ‘ఒక అక్షరం తక్కువైంది’ అంది. నిజమే, తక్కువైంది. మళ్లీ అచ్చువేయించాం.

ఇది ఈ ఒక్క ఆవరణ గొడవ అనుకోకండి. వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని కట్టింది, నడిపింది బానిసలు. అక్కడ 2020లో గ్రానైట్‌తో గుండ్రటి స్మారకం పూర్తయింది. దాదాపు 4000 మంది కోసం కట్టారు. పేర్లు దొరికినవి వెయ్యి కూడా లేవు. దొరికిన పేరు చెక్కారు. పేరు దొరకక చేసిన పని మాత్రమే తెలిస్తే ఆ పని చెక్కారు, ఎవరి తల్లో ఎవరి కూతురో తెలిస్తే ఆ బంధుత్వం చెక్కారు. ఏమీ తెలియనివాళ్లకు రాతిలో ఒక గీత. ఒక్క గీత! జార్జ్‌టౌన్‌లో 1838లో అక్కడి విశ్వవిద్యాలయం నడిపే మతగురువులు 272 మంది బానిసలను లూసియానాకు అమ్మారు, వచ్చిన డబ్బులో కొంత కళాశాల అప్పులకు వెళ్లింది. ఆ అమ్మకాన్ని నడిపిన అధ్యక్షుడి పేరు ఒక భవనానికి ఉండేది. 2017లో దానికి ఐజక్ హాకిన్స్ పేరు పెట్టారు. ఎవరాయన? అమ్మకం పత్రంలో మొదట రాసిన పేరు ఆయనది. కొత్త పేరు ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది, ఆ పత్రంలోనే ఉంది.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నేలమాళిగలో ఆవిడ ఒకరోజు నన్ను అడిగింది, మీ ఇల్లు ఎక్కడ అని. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్, ఏసీ గార్డ్స్ పక్కన అన్నాను. ఏసీ అంటే ఏమిటంది. తెలియదన్నాను. పుట్టినప్పటినుంచి ఆ పేరు పలికాను, ఆ బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. అర్థం ఇదే గ్రంథాలయంలో ఒక పుస్తకంలో దొరికింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం అశ్వదళంలో చేరిన సిద్దీలు కాపురమున్న పేట అది. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలో వాళ్ల చెయ్యి ఉంది. రెండు అక్షరాల వెనక ఒక ఖండం దాక్కుంది. నేను పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి నా పక్కవీధి పేరు తెలుసుకున్నాను. ఆవిడ అడగకపోతే అదీ లేదు.

ఇది మనకెందుకు అని వెనక వరుసలో ఎవరో అనుకుంటూ ఉండవచ్చు. చెబుతాను. 1946 నాటి అమెరికా చట్టం మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది వలసదారులను రానిచ్చింది. వంద! ఈ హాల్లో అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. ఆ తలుపు 1965 అక్టోబరు 3న సంతకమైన కొత్త వలస చట్టంతో తెరుచుకుంది. జాతిని బట్టి మనిషిని తూచకూడదని అంతకుముందు రోడ్డెక్కినవాళ్లు ఎవరు? అదే ఏడాది మార్చి 7న అలబామాలో ఓటు హక్కు కోసం నడుస్తూ సెల్మా వంతెన మీద లాఠీ దెబ్బలు తిన్నవాళ్లు ఎవరు? మనమెవరమూ ఆ వంతెన మీద లేము. మీ నాన్న వీసాలో, మీ గ్రీన్‌కార్డులో వాళ్ల నెత్తురు కలిసి ఉంది. నేను పెద్దమాట అనడం లేదు, తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పది నిమిషాలు దాటిపోయాయని అమ్మాయి చెయ్యి చూపిస్తోంది. అయిపోయిందమ్మా.

భోజనాలకు ఆ ద్వారం మీదుగానే వెళ్లాలి. ఇద్దరు చెయ్యి వేసి ఆ బోర్డును ఇటు తిప్పండి. ముగ్గు చెరపనక్కర్లేదు, కిటికీ పక్కన చోటుంది, నేను చూశాను. ఎడమ నుంచి మూడో మనిషి. పేరు నేను ఇక్కడ చెప్పను, వెళ్లి మీరే చదవండి, పైకి చదవండి. మిగతా నలుగురి కింద ఇంకా ఖాళీయే. ఆ జీతాల రిజిస్టర్లు ఇప్పటికీ నేలమాళిగలోనే ఉన్నాయి, పాత జనాభా లెక్కలతో పోల్చి చూసేవాళ్లు కావాలి. శనివారాలు ఉదయం పదికి నేను అక్కడే ఉంటాను.