జపాన్‌ను దాటామా? స్టూడియోలో గంటసేపు జరిగిన చర్చ

జపాన్‌ను దాటి మనం ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయ్యామని 2025 మేలో నీతి ఆయోగ్ సీఈఓ బీవీఆర్ సుబ్రహ్మణ్యం ప్రకటించారు. ఏడాది చివర్లో కేంద్రం మళ్ళీ అదే మాట చెప్పడంతో వివాదం ముదిరింది. దాని మీద జరిగిన చర్చ ఇది. నిడివి కోసం కొన్ని చోట్ల కత్తిరించాం కానీ మాటలు మార్చలేదు. ఒకరి మాట మధ్యలో ఇంకొకరు దూరిన చోట్ల గుర్తు పెట్టాం.

యాంకర్: నమస్కారం. ప్రశ్న సూటిగానే అడుగుతున్నా. జపాన్‌ను దాటేశామా, లేదా? జపాన్ ముసలిదైపోయింది, మనకేమో కుర్రకారు ఉంది. అసలు కథ అదేనని నాకు అనిపిస్తోంది. ప్రొఫెసర్ గారూ, మీరు మొదలుపెట్టండి.

ప్రొఫెసర్: కుర్రకారు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు ఈ లెక్క ఎక్కడిదో చూడాలి. ఏప్రిల్‌లో ఐఎంఎఫ్, అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వేసిన అంచనా ఇది. ఇండియా 4.187 ట్రిలియన్ డాలర్లు, జపాన్ 4.186. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. తేడా వంద కోట్ల డాలర్ల లోపే. అదీ అయిపోయిన ఏడాది లెక్క కాదు, ఏడాది మొత్తానికి ముందుగా వేసిన అంచనా. అందుకే సీఈఓ గారు దాటేశాం అన్న కొద్ది రోజులకే, అదే నీతి ఆయోగ్ సభ్యులు అరవింద్ విర్మానీ గారు ఏడాది చివరికి దాటతాం అన్నారు. ఇక అక్టోబర్‌లో ఐఎంఎఫ్ మళ్ళీ లెక్క వేస్తే జపాన్ 4.28, మనం 4.13...

వ్యాపారవేత్త: (మధ్యలో) ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఆరు నెలలు అటో ఇటో, దాని మీద ఇంత రభసా? 1991లో బంగారం కుదువ పెట్టిన దేశం అండీ ఇది! ఆ దేశం ఇవాళ జపాన్ పక్కన నిలబడింది. దాన్ని చెప్పుకోడానికి కూడా మనకి మొహమాటమేనా?

ప్రొఫెసర్: చెప్పుకోవద్దని నేను అనలేదు...

వ్యాపారవేత్త: అనలేదు కానీ అన్నట్టే ఉంది! మాస్టారూ, మా ఫ్యాక్టరీ ఆటో విడిభాగాలు చేస్తుంది, జపాన్ కస్టమర్లు ఉన్నారు. ఇరవై ఏళ్ళ కింద మేము వాళ్ళ గేటు దగ్గర నిలబడి శాంపిల్ చూడండి సార్ అని బతిమాలేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళు వస్తున్నారు. శ్రీసిటీకి వెళ్ళి చూడండి, ఇసుజు ఉంది, డైకిన్ ఉంది. మొన్న ఆగస్టులో మోదీ గారు టోక్యో వెళ్ళినప్పుడు పదేళ్ళలో 10 లక్షల కోట్ల యెన్‌ల పెట్టుబడి అన్నారు. పడిపోయే దేశంలో ఎవరైనా డబ్బు పెడతారా?

యాంకర్: అంటే వాళ్ళ దగ్గర డబ్బుంది, పనిచేసే చేతులు లేవు. మన దగ్గర చేతులున్నాయి. నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదా. మేడమ్, మీరు అక్కడ ఏడేళ్ళు ఉన్నారు. ముసలి దేశం అనిపించిందా?

ఇంజనీర్: అనిపించింది. నేనున్న ఊరి నుంచి గంట ప్రయాణం చేస్తే పల్లెలు వస్తాయి. బస్సులో అందరూ డెబ్బై దాటినవాళ్ళే, డ్రైవర్‌తో సహా. బడి భవనం ఉంటుంది, పిల్లలుండరు. దేశం మొత్తం మీద 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. అది నిజమే. కానీ సార్, అదే బస్సు 7:42 అంటే 7:42కే వచ్చేది. రైలు ఐదు నిమిషాలు లేటైతే స్టేషన్ గేటు దగ్గర ఉద్యోగి నిలబడి చిన్న కాగితం ముక్క ఇచ్చేవాడు, రైలు ఆలస్యమైందని, ఆఫీసులో చూపించుకోడానికి. తప్పు నీది కాదు, మాది అని ఒక వ్యవస్థ నాకు రాసిచ్చింది. మొదటిసారి ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది పారేయలేదు, ఇప్పటికీ నా పర్సులో...

యాంకర్: బాగుంది, బాగుంది. కానీ జనాభా పాయింట్‌కి వద్దాం. 2024లో జపాన్‌లో పుట్టిన పిల్లలు 7 లక్షల లోపు. ఒక దేశం అలా తరిగిపోతుంటే...

ప్రొఫెసర్: యాంకర్ గారూ, మన ఇంటి సంగతి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన రేటు, అంటే ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లలు, 1.7. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. అందుకే కదా ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ఎక్కువ మంది పిల్లల్ని కనండి అంటున్నది, ఇద్దరు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన తీసేసింది. జపాన్ డబ్బు సంపాదించాక ముసలిదైంది. మనం సంపాదించకముందే అయిపోతామేమోనని నా భయం.

వ్యాపారవేత్త: భయం, భయం! మీకు ఎప్పుడూ భయమేనా? ముప్పై ఏళ్ళ నుంచి కదలని దేశం గురించి మనం భయపడడమేంటి? వాళ్ళ అప్పు జీడీపీకి రెండింతల పైనే ఉంది, మనది 80 శాతం దగ్గర. 1989 చివర్లో వాళ్ళ స్టాక్ మార్కెట్ సూచీ నిక్కీ 38,915. మళ్ళీ ఆ మెట్టు ఎక్కడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. ఒక తరం మొత్తం జీతం పెరగడమంటే ఏంటో చూడకుండా రిటైరైపోయింది. ఇది మనకి ఆదర్శమా?

ప్రొఫెసర్: ఆ అప్పులో ఎక్కువ భాగం వాళ్ళ సొంత బ్యాంకులకీ, సొంత జనానికీ ఉన్న అప్పు...

వ్యాపారవేత్త: అప్పు అప్పే!

ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి. మీరు మాట్లాడినప్పుడు నేను అడ్డం రాలేదు. 2012లో జపాన్ జీడీపీ 6 ట్రిలియన్ డాలర్ల పైన. ఇప్పుడు 4 పైచిలుకు. దేశం మూడో వంతు మాయమైందా? లేదు. అప్పుడు డాలర్‌కి 80 యెన్‌లు, ఇప్పుడు 150. యెన్‌లలో చూస్తే వాళ్ళ జీడీపీ పెరిగింది కూడా. అంటే మనం దాటామన్నదాంట్లో పెద్ద భాగం వాళ్ళ కరెన్సీ పడిపోవడం. మన రూపాయి కూడా డిసెంబర్‌లో 90 దాటింది, అదీ గుర్తుపెట్టుకోండి. ఇక మనిషికెంత అని చూస్తే మనకి 2,900 డాలర్ల లోపు, వాళ్ళకి 34 వేల దగ్గర. పన్నెండు రెట్ల తేడా.

వ్యాపారవేత్త: 145 కోట్ల మందితో భాగిస్తే ఎవరికైనా అంతే వస్తుంది! తలసరి, తలసరి అని ఎన్నాళ్ళు తల కొట్టుకుంటారు?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అర నిమిషం స్పష్టంగా లేదు.)

యాంకర్: సార్, సార్. ఒకరి తర్వాత ఒకరు. మాజీ అధికారి గారు చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నారు. పాలన మీద చెప్పండి సార్, క్లుప్తంగా.

మాజీ అధికారి: క్లుప్తంగానే చెబుతాను. నేను మున్సిపల్ కమిషనర్‌గా చేశాను. కాలువ పూడిక తీయించాలంటే ఫైలు రాజధానికి పోయేది, అది తిరిగొచ్చేలోపు వాన వచ్చేది. జపాన్‌లో ప్రభుత్వ ఖర్చులో సగానికి పైగా ఊళ్ళు, జిల్లాల స్థాయిలో అవుతుంది. మన నగరపాలక సంస్థల ఆదాయం అన్నీ కలిపినా దేశ జీడీపీలో ఒక శాతం కూడా లేదు. మేయర్ ఉంటాడు, చేతిలో డబ్బుండదు. మనం రెండు దేశాల్ని పోలుస్తున్నాం కానీ నిజానికి పోల్చాల్సింది రెండు మున్సిపాలిటీల్ని...

వ్యాపారవేత్త: కమిషనర్ గారూ, మీరున్నప్పుడే చేసి ఉండొచ్చు కదా ఆ పని?

మాజీ అధికారి: చేతనైనంత చేశానయ్యా. ఆ కాలువ పక్క బస్తీలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డవాణ్ణి నేను.

యాంకర్: బుల్లెట్ రైలు మాటేంటి? అది పాలన కిందకే వస్తుంది కదా. 2017 సెప్టెంబర్‌లో శంకుస్థాపన, ముంబై నుంచి అహ్మదాబాద్‌కి 508 కిలోమీటర్లు, జపాన్ అప్పు 0.1 శాతం వడ్డీకి...

వ్యాపారవేత్త: 50 ఏళ్ళ గడువు! అంత చవగ్గా ఎవరిస్తారు? నమ్మకం ఉంటేనే ఇస్తారు.

ప్రొఫెసర్: నమ్మకంతో పాటు వాళ్ళ రైళ్ళు అమ్ముకోడానికి కూడా ఇస్తారు. వాళ్ళు షింకన్‌సెన్, అదే వాళ్ళ బుల్లెట్ రైలు, మొదటిది 1964లోనే నడిపారు. పట్టాలు తప్పిగానీ ఢీకొనిగానీ అందులో ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. మనకి మహారాష్ట్రలో భూసేకరణకే ఏళ్ళు పట్టింది.

వ్యాపారవేత్త: ప్రజాస్వామ్యం కాబట్టి పట్టింది!

ప్రొఫెసర్: జపాన్ కూడా ప్రజాస్వామ్యమే కదండీ.

(ఇక్కడ బుల్లెట్ రైలు టికెట్ ధర మీద ఆరేడు నిమిషాలు వాదన సాగింది. ఏమీ తేలలేదు కాబట్టి వదిలేశాం.)

ఇంజనీర్: నేను ఇందాకటి నుంచి ఒకటి చెప్పాలని చూస్తున్నాను. 2023లో మన రోడ్ల మీద చనిపోయినవాళ్ళు లక్షా 72 వేల పైన. జపాన్‌లో అదే ఏడాది 2,700 లోపు. జనాభా మనకి పన్నెండు రెట్లే ఎక్కువ, చావులు అరవై రెట్లకు పైన. నాలుగో స్థానమా, ఐదో స్థానమా అని ఇంతసేపు మాట్లాడుకున్నాం, ఇందులో మనది ఏ స్థానం?

వ్యాపారవేత్త: అమ్మా, రోడ్లు వేస్తున్నారు, వేస్తున్నారు...

ఇంజనీర్: వేస్తున్నారు సార్, నేను కాదనలేదు. ఇంకొకటి. అక్కడ నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. 1961 నుంచి అక్కడ అందరికీ ఆరోగ్య బీమా ఉంది, ఖర్చులో మామూలుగా 30 శాతమే మనం కట్టాలి, అదీ మరీ ఎక్కువైతే దానికీ పరిమితి ఉంది. నేను ఎవరినీ అప్పు అడగలేదు. తిరిగొచ్చాక మా నాన్నకి గుండె ఆపరేషన్ పడింది. ప్రైవేటు ఆస్పత్రి క్యాష్ కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కట్టందే లోపలికి తీసుకెళ్ళమన్నారు. అమ్మ అక్కడే, ఆ కుర్చీలో కూర్చుని, సబ్బు రాసుకుని చేతి గాజులు తీసింది. ముప్పై ఏళ్ళ నుంచి తీయలేదు, రావట్లేదు. నేను లాగాల్సి వచ్చింది. అంత జీతం తీసుకుని వచ్చినదాన్ని కూడా ఆ గంటలో ఏం చేయలేకపోయాను.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: బాధాకరం మేడమ్. కానీ మీరే చెప్పండి, అంత సౌకర్యం వదిలి తిరిగొచ్చేశారు కదా? ఎందుకు?

ఇంజనీర్: అక్కడా అంతా సుఖం కాదు. అద్దె ఇల్లు అడిగితే విదేశీయులకి ఇవ్వమని మొహం మీదే అనేవాళ్ళు. పక్క గదిలో ఒంటరిగా ఉండే ముసలాయన చనిపోయిన సంగతి చాలా రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. ఆఫీసులో రాత్రి పదింటికి కూడా బాస్ లేవకుండా ఎవరూ లేవరు. నాకు మా వాళ్ళు కావాలనిపించింది, వచ్చేశాను.

వ్యాపారవేత్త: అదీ! అదీ మాట! ఆవిడే చెప్పేశారు. మనుషులు కావాలి, కుటుంబం కావాలి, అవి మన దగ్గరున్నాయి. ఏ జీడీపీ లెక్కలోనూ రాని ఆస్తి అది.

ఇంజనీర్: నేను చెప్పింది అది కాదు సార్. కుటుంబం ఉంది కాబట్టి ఆస్పత్రి అక్కర్లేదనా?

యాంకర్: నాకు అర్థమైంది ఏంటంటే, యువతరం ఇక్కడికే తిరిగొస్తోంది...

ప్రొఫెసర్: ఒక్కరు తిరిగొస్తే యువతరం వచ్చినట్టా? ఐదేళ్ళలో 50 వేల మంది నైపుణ్యం ఉన్న మనవాళ్ళని జపాన్ తీసుకుంటుందని మొన్నటి ఒప్పందంలోనే ఉంది. ఎందుకు వెళ్తారు వాళ్ళు? ఇక్కడ 46 శాతం మంది ఇంకా వ్యవసాయం మీద ఉన్నారు, వ్యవసాయం నుంచి వచ్చే ఆదాయమేమో అందులో సగం వాటా కూడా లేదు. 80 కోట్ల మందికి ఉచిత బియ్యం, గోధుమలు ఇస్తున్నాం. ఇవ్వాల్సిందే, నేను సమర్థిస్తాను. కానీ ఇస్తున్నామంటేనే...

వ్యాపారవేత్త: నేను ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. మొదట్లో మా సరుకు ఒక లాట్ మొత్తం వెనక్కి వచ్చింది. ఎందుకు? ఒక్క ముక్క మీద వెంట్రుక వాసి గీత. జపాన్ ఆయన భూతద్దం పెట్టి చూపించాడు, కోప్పడలేదు, అరవలేదు, ఇది మీ పిల్లలు కూర్చునే కార్లోకి వెళ్తుంది అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా కుర్రాళ్ళు ఆరు నెలల్లో నేర్చుకున్నారు. ఇవాళ ఆ లైనులో రిజెక్షన్ దాదాపు లేదు. మన కుర్రాళ్ళకి నేర్పితే ఏదైనా చేస్తారు. అందుకే అంటున్నా, దాటాం, ఇంకా దాటతాం, తర్వాత జర్మనీ!

ప్రొఫెసర్: మీరు చెప్పింది నా మాటే కదండీ! ఆ భూతద్దం మన రోడ్ల మీద, ఆస్పత్రుల మీద ఎవరు పెడతారనే నేను...

వ్యాపారవేత్త: పెడతాం సార్, మేమే పెడతాం. ముందు గెలిచామని ఒప్పుకోండి!

ప్రొఫెసర్: అక్టోబర్ లెక్క చూపించాను కదా, దాని ప్రకారం ఇంకా...

యాంకర్: టైమ్ అయిపోయింది సార్. రెండు వైపులా సమానంగా అవకాశం ఇస్తామని మొదట్లో అన్నాం, కమిషనర్ గారి మాట ఒకటి మిగిలిపోయింది, వచ్చేవారం తీసుకుంటాం. సార్, పదిహేను సెకన్లు, చివరి మాట మీదే.

వ్యాపారవేత్త: నేను మొదట చెప్పిందే. 1991లో బంగారం కుదువ పెట్టిన దేశం, ఇవాళ జపాన్ పక్కన...

ఇంజనీర్: మా అమ్మ పెట్టింది మొన్నే సార్.

యాంకర్: వార్తల సమయం అయింది. నమస్కారం.