పాత బెంజికి ముందద్దం

శ్రోతలకు నమస్కారం.

మా మామ దగ్గర ఒక పాత మెర్సిడెస్ బెంజ్ ఉంది. 1980లలో జర్మనీలో తయారైన డబ్ల్యూ 123 మోడల్, నాలుగు తలుపుల సెడాన్. పోయిన ఎండాకాలం కరీంనగర్ నుంచి హనుమకొండ వస్తుంటే, ముందు పోతున్న గ్రానైట్ లారీ చక్రం కింది నుంచి కంకరరాయి ఎగిరొచ్చి ముందద్దానికి టప్పున తగిలింది. కందిగింజంత చుక్క పడింది. ఆ రోజే రెజిన్ అనే పారదర్శక జిగురు నింపిస్తే అక్కడితో ఆగేదేమో. మామ "ఏమైతది తియ్" అన్నాడు. ఎండలో కాగిన బండిలో ఏసీ వేసిన ఒక మధ్యాహ్నం, ఆ చుక్క మూరెడు గీత అయింది.

వరంగల్ ఆటోనగర్‌లో అడిగితే, "జీపుదైతే ఇప్పుడే కోసిస్త సార్, ఇది వంపద్దం" అన్నారు. నిజమే. వంపు రావాలంటే అచ్చు కావాలి, ఒక్క అద్దం కోసం అచ్చు ఎవరు చేస్తారు? ఇంకొకాయన ఫైబర్ షీటు బిగిస్తానన్నాడు. అట్లాంటి మాట అసలు వినకండి. ముందద్దమంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దమే. పగిలినా ఆ పొర ముక్కల్ని పట్టుకుంటుంది, మొహం మీద పడనివ్వదు. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అందులోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి కూడా.

ఇక బండి సామాన్లు అమ్మే బజార్లకు ఫోన్లు మొదలు. హైదరాబాద్ రాణీగంజ్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి. చివరికి ఒక దుకాణం నుంచి చెక్కపెట్టెలో అద్దం వచ్చింది. తీరా ఆనించి చూస్తే ఎత్తు చాలలేదు! అది రెండు తలుపుల కూపేది. దాని కప్పు కిందికుంటుంది, అద్దం వాలు ఎక్కువ. "123 బెంజ్" అని మాత్రమే చెప్పిన తప్పు మాదే. రానుపోను కిరాయి మా మీదే పడింది.

రెండోసారి ఛాసిస్ నంబరు, పాత అద్దం మూలన ఉన్న సన్నటి అక్షరాల ఫోటో పంపాం. కంపెనీ పేరు, గుండ్రంలో ఇ అక్షరం, పక్కన అంకె. ఆ అంకె అద్దానికి ఆమోదం ఇచ్చిన దేశాన్ని చెబుతుంది, 1 ఉంటే జర్మనీ అని. అదే తీరు అద్దం దొరికింది. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మాత్రం కొత్తదే తెప్పించాం. పాతది ఎండి అప్పడంలా విరుగుతోంది.

బిగించడం చూడాల్సిందే. బీడింగ్ గాడిలో సన్నతాడు చుట్టి, సబ్బునీళ్లు రాశారు. ఒకాయన బయట అరచేతులతో తడుతుంటే, లోపల కూర్చున్న కుర్రాడు తాడు మెల్లగా లాగాడు. లాగినకొద్దీ రబ్బరు అంచు బండి రేకు మీదికి ఎక్కింది. తర్వాత రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించారు. లోపల చుక్క పడలేదు.

పగిలిన అద్దం ఇంకా వరండాలో గోడకు ఆనించే ఉంది. పారేయమని అత్త రోజూ గొణుగుతుంది. మామ వినడు.