ముందు ఆ గొట్టం సంగతి తేల్చండి

వేదిక మీది పెద్దలకు, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు వాళ్లకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది. ఏమనుకోకండి.

బెజవాడకి మెట్రో రైలు వద్దనడానికి రాలేదు నేను. బస్టాండు నుంచి గన్నవరం 26 కిలోమీటర్లు, పెనమలూరు 12.5 కిలోమీటర్లు. రావాల్సిందే. 2015 నుంచీ వింటున్నాం. అప్పటికి పుట్టని మా మనవడు ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు.

నా గొడవల్లా స్తంభాల మీద కట్టే ఆ దారి ఆకారం గురించి. మీరు చూపించిన బొమ్మలన్నీ పైనుంచి గీసినవే. కింద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఒక్కటీ లేదు. బెజవాడలో పైన ఎవరుంటారండీ, కాకులు తప్ప?

నాది బైండింగ్ షాపు. ఇదివరకు ఓ ఫ్లైఓవర్ పక్కన ఉండేది. పైన పడ్డ వాన దిగడానికి స్తంభం వెంట గొట్టం వేశారు. అది నేలకు మూడడుగుల పైన ఆగిపోయింది. కాలువలో కలపడం మర్చిపోయారు. ఓ సాయంత్రం కాలేజీ పిల్లల రికార్డులు నలభై, మైదా రాసి గుమ్మంలో ఆరబెట్టా. వాన మొదలైంది. గొట్టంలోంచి నీళ్లు ఎగిరి తిన్నగా గుమ్మంలోకే. అట్టలన్నీ అప్పడాల్లా లేచిపోయాయి. బొమ్మల్లో ఇంకు కారిపోయింది. డబ్బులు తిరిగిచ్చేశా, రాసిన రాత ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను? అడగడానికి వెళితే ‘డిజైన్‌లో కాలువ దాకా ఉందండీ’ అన్నారు. డిజైన్‌లో ఉంది. కాలువలో లేదు!

ఎంతవరకూ వచ్చాను? ఆ, మెట్రో ఆకారం. రెండు పట్టాల దారి వెడల్పు సుమారు 10 మీటర్లు. దాని మీద పడే వాన ఎలాగూ రోడ్డు మీద పడేదేగా అంటారు. పడేదే, చినుకులుగా. ఇప్పుడు స్తంభానికో ధార. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో ఉన్న సింగ్‌నగర్ వాళ్లు ఇక్కడున్నారు. చేతులెత్తండమ్మా. చూశారా?

ఇంజనీరు గారూ, గర్డరంటే స్తంభాల మీద పట్టాల్ని మోసే దూలమట. ‘యూ’ గర్డరైతే తొట్టిలా ఉంటుందట, రైలు అందులోనే నడుస్తుందట. ఎత్తు తగ్గుతుంది, పక్కగోడలు చప్పుడు కొంత ఆపుతాయి. బాక్సు గర్డరైతే పట్టాలు దాని నెత్తిన. మేడ మీద పసిపిల్లల్ని పడుకోబెట్టుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. ఏది పెడుతున్నారో చెప్పండి. రామవరప్పాడు, నిడమానూరు మధ్య ఫ్లైఓవరు, దాని పైన రైలు అంటున్నారు. అక్కడ రెండు అంతస్తుల నీళ్లు ఎటు పోతాయో కూడా చెప్పండి.

నీడ మాత్రం లాభమే. మే నెలలో మన ఎండకి ఎవరూ కాదనరు.

స్టేషన్ మెట్లు ఫుట్‌పాత్ మీదే దించుతారా? కాగితం మీద నాకు తెలియడం లేదు. ఆదివారం పొద్దున ఆరింటికి, ట్రాఫిక్ రాకముందే, ఏలూరు రోడ్డు మీద స్తంభం ఎక్కడో, మెట్లెక్కడో గీసి చూద్దాం. సుద్దముక్కలు నేను తెస్తాను. టేపు ఎవరి దగ్గరైనా ఉందా?