వస్తువు లోపలి తాళం
(పర్లాకిమిడి నుంచి మా పాడ్‌కాస్ట్, లిఖిత రూపం)

మరిది: శ్రోతలకు నమస్కారం. ఈ వారం అంశం ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) అని పోయినసారే ప్రకటించాం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్‌లో, లినక్స్‌లో, తాళం వేయకుండా డేటా చదివే పద్ధతి అది. ఈసారైనా నౌపడా దాకా వెళ్ళకుండా అంశం మీదే ఉంటామని వదిన మాట ఇచ్చారు.

వదిన: మాట ఇచ్చింది నువ్వు. ముందు మన గుణుపురం శ్రోత ప్రశ్న చూద్దాం. ఈసారీ తెలుగును ఒడియా లిపిలోనే రాసి పంపారు. ఆయన రాసిన డ్రైవర్‌లో, అంటే పరికరాలను నడిపే కెర్నల్ కోడ్‌లో, పరికరాల జాబితా ఒకటి ఉంది. జాబితా తాళం (ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే లాక్) వేసి, కావలసిన పరికరాన్ని వెతికి, తాళం తీసేసి, ఆ తరువాత దాని రిఫరెన్స్ కౌంట్‌ను, అంటే దాన్ని ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్కను, పెంచుతున్నారు. చాలాసేపు బాగానే నడిచి, ఎప్పుడో ఒకసారి కెర్నల్ కూలిపోతోంది.

మరిది: ఆ పరికరం వివరాలుండే స్ట్రక్చర్‌లోనే ఒక స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ కాచుకునే తాళం) పెట్టుకుంటే సరిపోతుంది.

వదిన: వచ్చింది స్పిన్‌లాక్! జాబితా తాళం తీసిన క్షణానికీ కౌంట్ పెంచే క్షణానికీ మధ్య మరో ప్రాసెసర్ చివరి రిఫరెన్స్ వదిలేసి, ఆ మెమరీని విడుదల చేసిందనుకో. నువ్వు పెట్టమంటున్న తాళం ఉన్నదీ ఆ మెమరీలోనే కాబట్టి, దాన్ని వేయబోయేసరికి ఆ చోటు ఇంకెవరికో కేటాయించి ఉండవచ్చు. వస్తువు (ఇక్కడ ఆ స్ట్రక్చర్) లోపలి తాళం దానిలోని విలువలను కాపాడుతుంది గాని దాని ఉనికిని కాపాడలేదు.

మరిది: అయితే జాబితా తాళం చేతిలో ఉండగానే కౌంట్ పెంచమనండి.

వదిన: జాబితా తన వంతుగా ఒక రిఫరెన్స్ పట్టుకుని, తొలగింపు కూడా అదే తాళం కింద జరిగితే అది చాలు. ఈయన జాబితాకు రిఫరెన్స్ లేదు. కౌంట్ సున్నా అయ్యాక, మెమరీని విడుదల చేసే రిలీజ్ ఫంక్షన్ తాళం వేసి వస్తువును జాబితాలోంచి తీస్తుంది. సున్నా కావడానికీ తీయడానికీ మధ్య వెతికినవారికి ఆ వస్తువు ఇంకా దొరుకుతుంది.

మరిది: అప్పుడు కౌంట్ మళ్ళీ ఒకటవుతుంది, వస్తువు బతికినట్టే కదా.

వదిన: బతకదు. సున్నాను చూసిన ప్రాసెసర్ విడుదల మొదలుపెట్టేసింది, ఇక ఆగదు. అందుకే కెరెఫ్ గెట్ అన్‌లెస్ జీరో, అంటే కౌంట్ సున్నా కాకపోతేనే పెంచే ఫంక్షన్, వాడి, అది విఫలమైతే వస్తువు దొరకలేదనే అనుకోవాలి. 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చిన రిఫ్‌కౌంట్ టీ అనే కౌంట్ రకం సున్నా మీద పెంచబోతే హెచ్చరిస్తుంది, పైకి పొంగిపోకుండా గరిష్ఠ స్థాయిలో స్తంభింపజేస్తుంది. అంతకు ముందు ఏడాది కెర్నల్‌లో రహస్య కీలను దాచే కీరింగ్‌లో బయటపడిన లోపంలో 32 బిట్ల కౌంట్ చుట్టు తిరిగి సున్నాకు చేరడం వల్లే వాడుకలో ఉన్న వస్తువు విడుదలైపోయింది.

మరిది: ఇన్ని కౌంట్ల తంటా ఎందుకు? పని ముగిసేదాకా జాబితా స్పిన్‌లాక్‌నే పట్టుకుంటే పోతుంది.

వదిన: స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోకూడదు, అంటే ప్రాసెసర్‌ను వదిలి ఆగిపోకూడదు. యూజర్ మెమరీకి కాపీ చేసేటప్పుడు పేజ్ ఫాల్ట్ (కావలసిన పేజీ మెమరీలో లేకపోవడం) వస్తే నిద్రపోవలసి రావచ్చు. ఈ మాట నీకు ఎన్నిసార్లు చెప్పాను?

మరిది: శ్రోతల ముందు నాకు పరీక్ష పెట్టకండి వదినా.

వదిన: సరే, కోప్పడకు. ఆర్‌సీయూ సంగతి త్వరగా చెబుతాను. 2002లో 2.5.43తో లినక్స్‌లోకి వచ్చింది. చదివేవారు తాళం వేయరు. తొలగించేవారు వస్తువును జాబితాలోంచి తీసి, అప్పటికే చదువుతున్నవారందరూ బయటపడేదాకా ఆగి, ఆ తరువాతే మెమరీని విడుదల చేస్తారు. చదివే భాగం, అంటే చదవడం మొదలైనట్టు గుర్తుపెట్టి ముగించేదాకా ఉండే కోడ్, దాటి వస్తువును ఉంచుకోవాలంటే మాత్రం ఇందాకటి అన్‌లెస్ జీరో తప్పదు.

మరిది: అంటే చదివే భాగంలో ఉన్నంతసేపు మెమరీ ఎక్కడికీ పోదు. అలాంటప్పుడు వస్తువు లోపలి స్పిన్‌లాక్ వేయవచ్చు కదా?

వదిన: వేయవచ్చు. అయితే వేసిన వెంటనే, వస్తువును అప్పటికే తొలగించారేమో తెలిపే గుర్తును చూడాలి.

మరిది: ఆ గుర్తును ఎవరు పెట్టాలి?

వదిన: తొలగించేవారు, నీ స్పిన్‌లాక్ కిందే.