నరాల పరీక్ష నార్మల్... మరి చెయ్యెందుకు తిమ్మిరెక్కుతోంది?

సమన్వయకర్త: చెయ్యి తిమ్మిరెక్కే పేషెంటుకి ఎంఆర్‌ఐ బాగుంది, నరాల పరీక్షా బాగుంది. అంటే థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్, అదే మెడ నుంచి చేతికి వెళ్ళే నరాలో రక్తనాళాలో దారిలో నలిగే జబ్బు, లేనట్టేనా డాక్టర్‌గారూ?

న్యూరాలజిస్ట్: అలా తేల్చెయ్యకూడదు. నరాలు మెడ పక్క స్కేలీన్ కండరాల సందులోనో, కాలర్‌బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్యనో, ఛాతీ పైభాగంలోని పెక్టొరాలిస్ మైనర్ కండరం కిందో నలుగుతాయి. నూటికి తొంభైకి పైగా కేసులు నరాలవే. చాలామందికి చెయ్యెత్తితేనే ఒత్తిడి. మనం పరీక్షలు చేసేదేమో చెయ్యి దించి ఉంచి!

సమన్వయకర్త: నాడి చూసి చెప్పలేరా మేడమ్?

ఫిజియోథెరపిస్ట్: ఆడ్సన్ పరీక్ష సంగతేగా? గడ్డం ఎత్తి, తల బాధ ఉన్న చేతి వైపే తిప్పి, ఊపిరి బిగబట్టమంటాం. అప్పుడు మణికట్టు దగ్గర నాడి అందకపోతే జబ్బని రాసేస్తున్నారు. ఏ బాధా లేనివాళ్ళలోనూ చాలామందికి నాడి అలా తగ్గుతుందండీ. నేను చూసేది నాడిని కాదు, రోజూ పడే బాధ తిరిగొస్తుందా అన్నది. రూస్ పరీక్షలో రెండు చేతులూ భుజాల ఎత్తుకి పక్కలకి చాచి, మోచేతులు మడిచి, 3 నిమిషాలు పిడికిలి మూసి తెరవమంటాం. భుజం అలసిపోతే లెక్కలోకి రాదు. చిటికెన వేలి వైపు తిమ్మిరి పాకి చెయ్యి దించేస్తే లెక్కలోకి వస్తుంది. అయితే కార్పల్ టనెల్ (మణికట్టులో నరం నలిగే జబ్బు) ఉన్నవాళ్ళకీ ఇందులో తిమ్మిరి రావచ్చు, ఈ ఒక్కదాన్నే నమ్మకూడదు.

న్యూరాలజిస్ట్: కార్పల్ టనెల్‌లో తిమ్మిరి బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి, తిమ్మిరి మాత్రం చిటికెన వేలి వైపుంటే మెడ కింద వెతకాలి. నరాల పరీక్ష రాసేటప్పుడు ముంజేతి లోపలి వైపు చర్మానికి వెళ్ళే నరాన్నీ చూడమని విడిగా రాయాలి. మామూలుగా దాన్ని చెయ్యరు, ముందు దెబ్బతినేది తరచూ అదే.

సమన్వయకర్త: ఎక్స్‌రే ఎందుకు?

వాస్క్యులర్ సర్జన్: మెడ దగ్గర అదనపు పక్కటెముక ఉందేమో, ఊపిరితిత్తి పైకొనలో గడ్డ ఉందేమో చూడటానికి. ఆ ఎముక ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు, కనబడింది కదా అని కోసెయ్యకూడదు. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ముందువైపు ఉండే స్కేలీన్ కండరంలోకి కొద్దిగా మత్తుమందు ఎక్కిస్తాం. చెయ్యెత్తినా నొప్పి రాకపోతే అనుమానం బలపడుతుంది. మందు నరాల మీదికి జారి చెయ్యంతా మొద్దుబారితే ఆ ఫలితం పనికిరాదు.

సమన్వయకర్త: చెయ్యి వాస్తే?

వాస్క్యులర్ సర్జన్: ఉన్నట్టుండి వాచి నీలంగా మారితే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆ రోజే డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూసే స్కాన్) చెయ్యాలి. కాలర్‌బోన్ వెనక భాగం డాప్లర్‌కి సరిగా అందదు. రిపోర్టు నార్మలైనా వాపు ఉంటే సీటీ వీనోగ్రామ్‌కి (సిరల్ని చూపే సీటీ స్కాన్) వెళ్ళాల్సిందే. వేళ్ళు చల్లబడి పాలిపోతే అది ధమని సమస్య కావొచ్చు, తెల్లారేదాకా ఆగకండి.