తప్పు మడత: పార్కిన్‌సన్స్ యాంటీబాడీ పట్టేది ఏమిటి, పట్టలేనిది ఏమిటి

"పార్కిన్‌సన్స్‌కి ఇంజెక్షన్ వచ్చేసిందట, వణుకు ఆగిపోతుందట" అని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. వచ్చేసిందన్నదీ తప్పే, వణుకు ఆగుతుందన్నదీ తప్పే. వణుకు, బిగుసుకుపోవడం తగ్గాలంటే డోపమైన్ కావాలి, అంటే కదలికలకి మెదడు వాడుకునే రసాయనం. దానికి లెవోడోపా బిళ్ల ఉంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది యాంటీబాడీ, అంటే ఒక లక్ష్యాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్. అది అసలు డోపమైన్ జోలికే పోదు.

మరి దేని జోలికి పోతుంది? బెజవాడ వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల కాంప్లెక్స్‌కి వెళ్దాం రండి. అందులో ఒక చీరల కొట్టు, అదే మన నరకణం. గుమాస్తా విప్పి పడేసిన చీరలు కౌంటర్ మీద వదులుగా పడున్నాయి. నరకణాల్లో ఉండే ఆల్ఫా సిన్యూక్లీన్ అనే ప్రొటీన్ మామూలుగా ఉండేది ఇలాగే: 140 అమైనో ఆమ్లాల గొలుసు, స్థిరమైన మడతంటూ లేదు. ఇప్పుడు ఒక చీర తప్పుగా మడతపడి, దాని మీద ఇస్త్రీ కూడా అయిపోయింది. కొత్తగా చేరిన కుర్రాడు దాన్నే నమూనాగా పెట్టుకుని పక్క చీరనీ అలాగే మడిచాడు. దాన్ని చూసి ఇంకోటి. సాయంత్రానికి విప్పడానికి రాని దొంతర తయారు. నరకణంలో ఆ దొంతర పేరు లూయీ బాడీ. అందులో ప్రధానంగా ఉన్నది ఈ ప్రొటీనే అని 1997లో తేలింది.

నాకు భలే ఆశ్చర్యం కలిగించే సంగతి 2008 నాటిది. కొందరు రోగుల మెదడులోకి పదేళ్లకి పైగా కిందట నాటిన పిండ కణాల్లో కూడా లూయీ బాడీలు కనిపించాయి. కొత్త కొట్టు, కొత్త సరుకు, అయినా అదే తప్పు మడత! అంటే పక్క కొట్టు నుంచి నమూనా చీర ఒకటి వరండా, అంటే కణాల మధ్య ఖాళీ, దాటి వచ్చి ఉండాలి. జబ్బు మొత్తానికీ ఇదే కారణమని మాత్రం నేను ఒప్పుకోను. కానీ యాంటీబాడీ ఆలోచన అంతా ఆ వరండా మీదే నిలబడింది.

యాంటీబాడీ వరండాలో కాపలా కాసే వాచ్‌మన్. తప్పు మడత చీర దాటుతుంటే పట్టుకుంటాడు. షట్టర్ లోపలికి వెళ్లలేడు, అంటే కణం లోపల పేరుకున్న దొంతరని ముట్టుకోలేడు. మూతపడ్డ కొట్టునీ తెరిపించలేడు. చచ్చిన కణాలు తిరిగి రావు. పైగా కాంప్లెక్స్ గేటు దగ్గరే వాచ్‌మన్లని ఆపేస్తారు. రక్తంలో ఉన్న మోతాదులో మెదడు వైపు చేరేది వెయ్యింటికి ఒకటి నుంచి మూడు వంతులు. అందుకే డ్రిప్‌లో మిల్లీగ్రాములు వేలల్లో ఉంటాయి.

చీరని ఏ చివర పట్టుకోవాలన్నది ఇంకో లెక్క. ఇలాంటి యాంటీబాడీలు రెండు చూద్దాం. సిన్‌పనెమాబ్ మొదటి చివర, 1 నుంచి 10 అమైనో ఆమ్లాల దగ్గర పట్టుకుంటుంది. ప్రాసినెజుమాబ్ కొంగు వైపు, 118 నుంచి 126 దగ్గర. 2022లో రెండింటి ఫలితాలూ వచ్చాయి. సిన్‌పనెమాబ్ 357 మందిలో, ప్రాసినెజుమాబ్ 316 మందిలో, నాలుగు వారాలకో డ్రిప్, ఏడాది పాటు. ఉత్తుత్తి మందుతో పోలిస్తే ముఖ్యమైన కొలతలో తేడా తేలలేదు. సిన్‌పనెమాబ్‌ని ఆపేశారు.

అసలు కొలిచేది ఎలాగో తెలిస్తే ఎందుకు తేలలేదో కొంత అర్థమవుతుంది. బొటనవేలు, చూపుడువేలు ఎంత దూరం వీలైతే అంత తెరిచి, వీలైనంత వేగంగా పదిసార్లు కొట్టమంటారు. చేసి చూడండి. పదోసారికి వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతోందా? లయ తప్పుతోందా? దానికి 0 నుంచి 4 వరకు మార్కు, ఎంత ఇబ్బంది ఉంటే అంత ఎక్కువ. ఇలాంటివన్నీ కలిపితే కదలికల భాగానికి గరిష్ఠంగా 132. తొలిదశలో ఏడాదికి ఈ మార్కు నెమ్మదిగా కదులుతుంది, రోజును బట్టి పైకీ కిందికీ పోతుంది, బిళ్ల వేసుకుంటే దిగిపోతుంది. ఆ గోలలో చిన్న తేడా మునిగిపోతుంది.

అందుకే ప్రాసినెజుమాబ్ మీద చేసిన తర్వాతి ప్రయోగంలో (దాని పేరు పడోవా) కొలత మార్చారు. బిళ్ల ప్రభావం లేని వేళ మార్కు 5 పెరగడానికి ఎంత కాలం పట్టిందో చూశారు. 586 మంది, కనీసం 18 నెలలు. మార్కు అలా పెరిగే ప్రమాదం సుమారు 16 శాతం తగ్గినట్టు కనిపించింది, కానీ పి విలువ 0.0657. మందుకి అసలు ప్రభావమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశాన్ని చెప్పే అంకె అది. గీత 0.05 దగ్గర గీసుకున్నారు కాబట్టి నెగ్గలేదు. అయినా 2025లో ఆ మందు కంపెనీ రోష్ మూడో దశ ప్రయోగానికి వెళ్తామని చెప్పింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 2025 నాటికి ఇది ఏ దేశంలోనూ అమ్మకానికి లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని వేస్తామంటే ప్రయోగం రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. డ్రిప్ ఎక్కేటప్పుడు రియాక్షన్లు ఉంటాయి, పెద్ద మోతాదులో ఎక్కువ. ఇంజెక్షన్ వస్తుందని లెవోడోపా మానేయకండి, ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు బిగుసుకుని, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. బిళ్ల భోజనానికి అరగంట ముందు వేసుకోండి. ముద్దపప్పుతోనో గుడ్డుతోనో కలిపి వేసుకుంటే, పేగులో వాటి అమైనో ఆమ్లాలూ బిళ్లా ఒకే గుమ్మం దగ్గర తోసుకుంటాయి.